ముందున్నవాళ్ళకు వినపడని మోత

నమోదు 1

ఆసుపత్రి బండికి కొత్త సామాను ఏది బిగించినా రోజువారీగా రాసిపెట్టాలని స్టేషను నియమం. ఎవరు చదువుతారో నాకు తెలియదు. చదివేవాళ్ళకు ముందే చెబుతున్నా, నా పేరు మంగతాయారు, కరెంటు పని నాది, ఇప్పుడు నాకు ఎనిమిదో నెల. వంగితే కడుపు అడ్డం, నిలబడితే నడుం నొప్పి. రాతలో చిరాకు కనపడితే అది బండి మీద కోపం కాదని గ్రహించాలి.

సైరను ఆంప్లిఫయర్ ఇవాళ వచ్చింది. ఎగువ బడిలో పాతకాలపు వస్తువుల అలమరలో ఉండేదట. పిల్లలు దాన్ని ఏదో రేడియో అనుకునేవారట. అనుకోరూ మరి! మా అమ్మ చిన్నప్పుడే సైరన్లు పోయాయి. అప్పట్లో బండ్లన్నీ ఆకాశంలోని ఉపగ్రహాల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. ఆసుపత్రి బండి వస్తోందంటే మిగతావి వాటంతటవే పక్కకు తప్పుకునేవి. ఆకాశం మూగబోయాక ఆ మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు మా కట్ట మీద మనుషులు నడిపే బండ్లు, సైకిళ్ళు, బర్రెలు, ఎండబెట్టిన చేపలు, అన్నీ ఒకటే దారిలో. కట్టకు అటూ ఇటూ నీళ్ళే, ఇంకో దారి లేదు. పోయిన వానల్లో పాముకాటు మనిషితో మా తెల్లబండి సంతలో ఇరుక్కుపోయింది. ఆ మనిషి దక్కలేదు. ఆ తర్వాతే కట్ట మీదివాళ్ళంతా కూర్చుని, బండికి మళ్ళీ గొంతు పెట్టాలని తీర్మానించారు.

బడివాళ్ళు ఆంప్లిఫయర్ ఇచ్చారు. ఎగువ రైసుమిల్లు ఒక మైకు గొట్టం ఇచ్చింది. దిగువ రేవులో పడవలు బాగుచేసే పోలమ్మ పిన్ని ఇంకో గొట్టం పంపింది, వైర్లతో సహా. ఎవరినీ అడుక్కోనక్కర్లేకపోయింది. ఇంత సామాను ఒక్కచోట చేరడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఈ నెలల్లో నాకు కళ్ళు చెమర్చడానికి పెద్ద కారణం అక్కర్లేదనుకోండి.

ఆంప్లిఫయర్‌ను డ్రైవరు సీటు వెనక బిగించాను. స్ట్రెచర్ మీద పడుకున్నవాళ్ళ తల సరిగ్గా దాని పక్కకే వస్తుంది, వేరే చోటు లేదు. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరు, మధ్యలో ఫ్యూజు. గొట్టాలు రెండూ బండి ముందు, పక్కపక్కన. మాకు దొరికే వైర్లన్నీ పాత వాటిలోంచి పీకినవే, రంగుకు అర్థం లేదు. అందుకే దారం ముడి ఉన్న వైరే గుర్తు. మిల్లు గొట్టానికి వైర్లు నేనే వేసి ముడి కట్టాను. పోలమ్మ పిన్ని గొట్టానికి ఆవిడ ముడి ఉంది. ముడి ఉన్నవి రెండూ ప్లస్‌కు, లేనివి రెండూ మైనస్‌కు. పని అయిపోయింది.

నమోదు 2

పని అవలేదు.

స్విచ్చి వేస్తే సైరను రెండు సెకన్లు కూసి గొంతు పట్టేసినట్టు ఆగిపోతోంది. మళ్ళీ కూస్తోంది, మళ్ళీ ఆగుతోంది. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే వోల్టేజి నిండుగా ఉంది. ఆంప్లిఫయర్ దగ్గర పెడితే, కూసేటప్పుడల్లా పడిపోతోంది. మైనస్ వైరును బండి బాడీకి బిగించిన చోట కింద పెయింటు ఉంది, తెల్లగా, నున్నగా, అందంగా. బిగించింది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేదు. ఉప్పుకాగితంతో ఇనుము కనపడేదాకా గీకి మళ్ళీ బిగించాను.

ఈసారి వేస్తే ఏం మోత! స్టేషను రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయి. కడుపులోది ఒక్క తన్ను తన్నింది.

అయితే మోత విని జనం పక్కకు తప్పుకోవాలి కదా. మావాళ్ళు పనులన్నీ వదిలేసి బండి మీదికి పరిగెత్తుకొచ్చారు. గొట్టాల్లో చేతులు పెట్టి చూశారు. ఒక ముసలాయన ఇంకోసారి వెయ్యమని బతిమాలాడు. డ్రైవరు యేసుపాదం బండి పైకెక్కి అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"ఇది తమాషా కాదండీ బాబూ! ఈ కూత ఇనపడిందంటే లోపల ఎవురో పేణం మీద ఉన్నట్టు. రాకండి నా దగ్గిరికి! కట్ట అంచుకి జరగండి, బర్రెల్ని కూడా జరపండి!"

"బర్రెలకి నువ్వే చెప్పు," అంది ఎవరో ఆడమనిషి. అందరూ నవ్వారు. కానీ సాయంత్రానికి ఆ మాట కట్ట పొడుగునా పాకిపోయింది.

నమోదు 3

నర్సు సైదాబీ అక్క ఇవాళ నన్ను బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు చూసింది.

"తాయారూ, చెప్తున్నా ఇను. మాయ కిందికుంది, బిడ్డ దారికి అడ్డంగా. నెప్పులు రాకుండానే రక్తం కనపడొచ్చు. కనపడిందా, ఇంక నేను చేసేదేం లేదు. పెద్దాసుపత్రికి పోవాల్సిందే, ఆపరేషన్ చెయ్యాల్సిందే. ఎంత తొందరగా పోతే అంత."

ముందే పోయి ఆసుపత్రిలో పడుకోవచ్చు కదా అన్నాను. అడిగిందట. జ్వరాల రోగులతో మంచాలన్నీ నిండిపోయాయి, నెలలు నిండాక రమ్మన్నారట. పెద్దాసుపత్రి కట్టకు ఎగువ కొసన ఉంది. మధ్యలో సంత.

అంటే నేను గొంతు పెడుతున్న ఈ బండి రేపో ఎల్లుండో నన్నే మొయ్యాలి. ఇంటికొచ్చి మా ఆయన వీరాస్వామికి చెప్పాను. ఆయన తూము దగ్గర నీళ్ళు చూస్తాడు, నెమ్మది మనిషి. "అయితే సైరను బాగా బిగించు," అన్నాడు. ఓదార్పు మాట ఎట్లా చెప్పాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు పాపం.

నమోదు 4

యేసుపాదం మొహం వేలాడేసుకుని వచ్చాడు. రెండు రోజులుగా రోగులను తీసుకెళ్తున్నాడు, రెండుసార్లూ సంత దగ్గర ఆగిపోయాడట. ఇవాళ ఒక బర్రెలాయన్ని గుద్దబోయి, బండిని అంచుదాకా తిప్పాడట. ఇంకొంచెం అయితే బండి నీళ్ళలోనే ఉండేది.

"కట్ట కింద బట్టలుతికేవోళ్ళు ఇంటన్నారక్కా. పక్కన పడవల్లోవోళ్ళు ఇంటన్నారు. నా ముందర నడిచేవోళ్ళకే ఇనపట్టంలా. ఎదురుగా ఉన్నోళ్ళందరికీ చెవుడొచ్చిందా ఏంది?"

"ముందుకు పోతే గాలికి మోత వెనక్కి పోతుందేమో," అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

వోల్టేజి మళ్ళీ చూశాను, బాగుంది. బండి నడుస్తుండగా చూశాను, బాగుంది. ఫ్యూజు, స్విచ్చి, గొట్టాల చుట్టలు, అన్నీ బాగున్నాయి. గొట్టాల పక్కన నిలబడితే నా చెవులు గింగురుమంటున్నాయి. అన్నీ బాగుండి పని మాత్రం బాగుండకపోతే నాకు వొళ్ళు మండుతుంది.

నమోదు 5

వీరాస్వామిని తువ్వాలు ఇచ్చి దూరంగా, బండికి నేరుగా ఎదురుగా నిలబెట్టాను. మోత వినపడగానే తువ్వాలు ఎత్తాలి. స్విచ్చి వేశాను. ఎత్తలేదు. మళ్ళీ వేశాను. ఎత్తలేదు. చేతులు కట్టుకుని చక్కగా నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాడు.

ఆయాసపడుతూ అంత దూరమూ నడిచి వెళ్ళాను.

"నిలబడి నిద్రపోతున్నావా ఏమయ్యా?"

"నువ్వింకా వెయ్యలేదనుకున్నా."

"రెండుసార్లు వేశాను! ఊరంతా విన్నది!"

"ఊరంతా ఇని ఉండొచ్చే. నేను ఇన్లేదు. ఏదో దోమ మూలిగినట్టు ఇనపడింది, అంతే."

కడుపుతో ఉన్నదానితో వెటకారాలా అని ఏదేదో అనేశాను. నేను తిరిగి బండి దగ్గరికి వచ్చి మూడోసారి వేసేసరికి ఎదురుగా మనిషే లేడు. కట్ట పక్కకు దిగిపోయాడు. ఎందుకో నమోదులో రాయనక్కర్లేదు. ఆ దిగిన చోటి నుంచి మాత్రం తువ్వాలు జెండాలా ఊగుతోంది.

"ఇక్కడ చెవులు పగిలిపోతున్నయ్యే!" అని అరుస్తున్నాడు. "కట్టెక్కితే లేదు, దిగితే ఉంది!"

అప్పుడు ఆగి ఆలోచించాను. అక్కడ దూరం తక్కువేం కాదు, మనిషీ ఆయనే. మారింది ఒక్కటే, ఎదురుగా కాకుండా పక్కగా ఉన్నాడు. ఆయన చెవులకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. ఈ సంగతి ఇంకో పదేళ్ళు నన్ను దెప్పుతాడు, దెప్పనీ.

నమోదు 6

పోలమ్మ పిన్ని గొట్టంలో గోతం కుక్కి మిల్లు గొట్టం ఒక్కటే మోగించాను. ఎదురుగా నిలబడ్డ వీరాస్వామి తువ్వాలు ఎత్తాడు. గోతం తీసి రెండో దాంట్లో కుక్కాను. మళ్ళీ ఎత్తాడు. రెండింట్లోనూ గోతం తీసేసి మోగించాను. ఎత్తలేదు.

ఒక్కో గొట్టం విడిగా వినపడుతోంది, రెండూ కలిస్తే వినపడటం లేదు. ఇంక అర్థం కాకపోవడానికి ఏముంది! ఒకటి గాలిని ముందుకు నెట్టే క్షణంలోనే రెండోది వెనక్కి లాగుతోంది. తలుపుకు అటొకరు ఇటొకరు నిలబడి నెట్టినట్టు. పక్కలకు ఒకదాని మోత ముందూ ఒకదాని మోత వెనకా చేరుతుంది కాబట్టి మిగులుతోంది, నేరుగా ఎదురుగా మాత్రం ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. ఏదో ఒక గొట్టానికి ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి.

మా ఎగువవాళ్ళం ముడి ఎప్పుడూ ప్లస్‌కే కడతాం. దిగువవాళ్ళు దేనికి కడతారో నేను ఏనాడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే రెండు వైపుల సామానూ ఒకే యంత్రంలో కలవడం ఇదే మొదలు.

వైర్లు మార్చేస్తే సరిపోతుంది కదా అనకండి. ముడి ఉన్న వైరును వేరే చోట కలపాలంటే ముందు ముడి విప్పాలి, విప్పే హక్కు కట్టిన చేతిదే. ఇది ఉత్త మర్యాద కాదు. ఒకప్పుడు ఎవరో పక్కవాళ్ళ ముడి విప్పి చూసి, మళ్ళీ వేరే వైరుకు కట్టారు, పంపు దగ్గర మనిషి మాడిపోయాడు. అప్పటి నుంచి కట్ట మీద దొంగయినా ఇంకొకరి ముడి ముట్టుకోడు. నేనూ ముట్టుకోను. పోలమ్మ పిన్ని వచ్చి విప్పిపొమ్మని కబురు పంపాను.

నమోదు 7

పోలమ్మ పిన్ని వచ్చింది. నెత్తిన బుట్ట, బుట్టలో ఎండు సొరచేప ముక్కలు. చెప్పింది విన్నది, ముడి చూసింది, చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నా ముడి మైనస్ మీదే ఉంది. సరిగ్గానే ఉంది. మా రేవులో అందరం అంతేనే అమ్మాయ్. ఉప్పునీళ్ళలో తిరిగే పడవకి ఎర్తయ్యే మైనస్ వైరేదో ముందు తెలవాలి. అది తెలవకపోతే చస్తాం."

"మా దగ్గర అందరూ ప్లస్‌కే కడతారు పిన్నీ."

"కట్టుకోండి. నేనొద్దన్నానా? మరి నా ముడి నేనెందుకు విప్పాలి? ఇప్పితే తప్పు కట్టినట్టేగా?"

"మీదే కదా తిరగబడింది!"

"నాది తిరగబళ్ళేదు. నీదే తిరగబడింది."

ఇట్లా మధ్యాహ్నం దాకా. యేసుపాదం మా ఇద్దరి మొహాలూ చూసి చూసి, మళ్ళీ ఒక గొట్టంలో గోతం కుక్కుకుని బండి తీసుకుపోయాడు. పోతూపోతూ పోలమ్మ పిన్ని బుట్ట మాత్రం నా కాళ్ళ దగ్గర పెట్టేసింది.

"బాలింతకి సొరపిట్టు మంచిది, పాలు పడతాయ్. కోపం నీ మీద కాదే, నీ ముడి మీద," అంది.

ముడి విప్పని మనిషి చేపలు పెడితే ఏమనుకోవాలి? నాకు కోపమూ మిగిలింది, ఆవిడ మీద ప్రేమా మిగిలింది. సాయంత్రం యేసుపాదం తిరిగొచ్చి, ఒంటి గొట్టం మోత ఎదురుగాలికి సంత ముందరి వంతెన కూడా దాటడం లేదన్నాడు.

నమోదు 8

ఇది పెద్దాసుపత్రిలో పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే క్షమించాలి.

పొద్దున గిన్నెలు తోముతుంటే కాళ్ళ మీద వెచ్చగా తగిలింది. చూస్తే రక్తం. నొప్పి లేదు, అదే ఎక్కువ భయం. వీరాస్వామి నన్ను ఎత్తుకుని స్టేషనుకు పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. సైదాబీ అక్క నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి కాళ్ళ కింద దిళ్ళు పెట్టింది.

"కదలొద్దు తాయారూ. ఏలు కూడా కదపొద్దు."

అది పెద్ద సంత రోజు. పడమటి గాలి ఎదురు కొడుతోంది. యేసుపాదం స్టీరింగు పట్టుకుని ఒక్క మాట అన్నాడు, "సంత ఎట్టా దాటాలి దేవుడా." నాకు పాముకాటు మనిషి గుర్తొచ్చాడు.

తల పక్కన ఆంప్లిఫయర్. వెనక్కి తిరిగిన స్క్రూల మీద రెండు ముడులు కనపడుతున్నాయి, ఒకటి పోలమ్మ పిన్నిది, ఒకటి నాది. పడుకుని వాటినే చూస్తున్నాను. తలుపుకు అటొకరు ఇటొకరు. ఎవరైనా ఒకరు ఇటు వచ్చి నిలబడితే చాలు. ఆవిడే రావాలని ఎక్కడుంది? నా గొట్టం తిప్పినా అంతే కదా! రెండు రోజులుగా ఎవరిది ఒప్పో తేల్చుకుంటున్నాను, సైరనుకు కావలసింది ఒప్పు కాదు, ఇద్దరూ ఒకటే వైపు నెట్టడం. నా ముడి విప్పడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు.

"ఏమయ్యా, స్క్రూలు వదులు చెయ్యి. నాది, మిల్లు గొట్టానిది. ముడి నువ్వు ముట్టుకోవద్దు."

"ఇప్పుడా?" అన్నాడు.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు!" అని అరిచాను. సైదాబీ అక్క నా భుజం నొక్కిపట్టి, "చెయ్యి ఒక్కటే, చెయ్యి ఒక్కటే కదుపు," అంది.

బండి అప్పటికే కదిలింది. వీరాస్వామి వైరు కొస నా చేతిలో పెట్టాడు. తల మీదుగా చెయ్యి చాపి గోటితో దారం పట్టుకున్నాను. గట్టిగా కట్టాను దరిద్రపుదాన్ని, గోరు విరిగింది. రెండో గోరుకు వదిలింది. అదే దారాన్ని మైనస్ వైరుకు కట్టాను, పోలమ్మ పిన్ని కట్టినట్టు. రెండు వైర్లూ తారుమారు చేసి వీరాస్వామి బిగించాడు. బండి ముందున్న గొట్టంలోని గోతం యేసుపాదం ఒక్క క్షణం ఆపి పీకేశాడు.

"వెయ్యి," అన్నాను.

లోపల పడుకుంటే సైరను అంత పెద్దగా వినపడదు, అది నాకు అంతవరకు తెలియదు. ఆ మోత ఎక్కడో ముందు, వేరే ఎవరికోసమో పోతున్నట్టు ఉంటుంది. కానీ బయట చప్పుళ్ళు వినపడ్డాయి. సైకిళ్ళు పక్కకు పడేస్తున్న చప్పుడు. తట్టలు ఈడుస్తున్న చప్పుడు. "జరగండి, జరగండి" అన్న కేకలు మా కంటే ముందు ముందుకు పోతున్నాయి. బర్రెలను అదిలిస్తున్నారు. ఒకచోట కూడా బ్రేకు పడలేదు. సంత ఎప్పుడు దాటామో నాకు తెలియలేదు, వీరాస్వామి చెప్పాడు. ఆయన అద్దంలోంచి చూస్తున్నాడు, మొహమంతా తడి.

"మొత్తం అంచుకి జరిగారే," అన్నాడు. "ముసలాళ్ళు కూడా. నీళ్ళలోకి దిగి నిలబడ్డారే కొందరు."

లోపల ఎవరున్నారో వాళ్ళకు తెలియదు. మంగతాయారో, ఇంకెవరో, వాళ్ళు అడగలేదు. అమ్మకాలు వదిలేసి, బుట్టలు ఒరిగిపోతున్నా చూసుకోకుండా, ఎవరో ఒకరి కోసం తప్పుకున్నారు. వాళ్ళలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. ఎవరికని చెప్పుకోను? అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీకు నేను రుణపడి ఉన్నాను. నా బిడ్డా రుణపడి ఉంది.

ఆడపిల్ల. తూకం తక్కువే, గొంతు మాత్రం తక్కువ కాదు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరిలో ఒక్కరమే మిగిలేవాళ్ళమని డాక్టరు చెప్పింది.

నమోదు 9

యేసుపాదం చూడటానికి వచ్చాడు. పిల్లను ఎత్తుకోవడానికి భయపడి దూరం నుంచే నవ్వాడు. నేను ముడి మార్చిన సంగతి పోలమ్మ పిన్నికి చెప్పాడట.

"ఏమంది?"

"ముందు గెలిచానంది. తర్వాత ఏడ్చింది. స్ట్రెచర్ మీద పడుకున్నదాని చేత ముడి ఇప్పించానే అని. రేపొస్తదంట."

కట్ట మీద పద్ధతులు మాత్రం మారలేదట. ఎగువవాళ్ళు ప్లస్‌కే కడుతున్నారు, దిగువవాళ్ళు మైనస్‌కే. కాకపోతే ఇప్పుడు ఏ ముడి చూసినా ముందు అది ఎవరు కట్టారని అడుగుతున్నారట. అంతమాత్రం చాలు.

యేసుపాదానికి ఇంతలో పిలుపు వచ్చి పరిగెత్తాడు. దిగువ నుంచి ఎవరినో తీసుకురావాలట.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చింది. పిల్ల నా పక్కన నిద్రపోతోంది, వీరాస్వామి నేల మీద కూర్చుని గోడకు ఆనుకుని కునుకుతున్నాడు. అప్పుడు వినపడింది, కట్ట మీద చాలా దూరం నుంచి, నేరుగా మావైపు వస్తూ. రెండు గొట్టాలూ కలిసి. నాకు ఏ లోపమూ వినపడలేదు, వెతకనూ లేదు. ఆ బండిలో ఎవరున్నారో నాకు తెలియదు. దారి కట్ట మీద ఉంది, నేను గదిలో ఉన్నాను, అడ్డం కూడా లేను. అయినా పిల్లను గుండెకు పొదువుకుని, కుట్లు లాగుతున్నా, మంచం అంచుకు జరిగాను.